నురగెత్తిన గొర్రెపాలు

మొన్న మా అక్క కూతురు మోకాలు చెక్కుకుపోయి వచ్చింది. పెరాక్సైడు పోస్తే తెల్లటి నురగ బుసబుస పొంగింది. పిల్ల కిలకిల నవ్వింది. ఆ నురగకి ఇది భయపడదు, నేను భయపడతాను. కారణం ఇదీ.

ఆరేళ్ల కిందట దీనికి మూడో నెల. అక్కకి టైఫాయిడ్ వచ్చి పాలివ్వకూడదన్నారు. గేదెపాలు అరగలేదు. కోతలయ్యాక అల్లవరం దగ్గర మా చేలో ఎరువు కోసం గొర్రెల మంద కట్టించాం. కాపరి భార్యని అందరం మామ్మ అనేవాళ్లం. ఆవిడ రోజూ ఒక తల్లిగొర్రె పాలు పిండి ఇస్తే, అమ్మ నీళ్లు కలిపి కాచి ఉగ్గుగిన్నెతో పట్టేది. పిల్ల తేరుకుంది. నేను పశువైద్యం చదువు ముగించి కొత్తగా ఇంటికి వచ్చాను. చదివింది ఎక్కడో ఒకచోట ప్రయోగించకపోతే తోచని వయసు. ఆ ఉదయం మామ్మ సంతకి వెళ్లిందని పాలు నేనే పిండాను. అమ్మ కాచి పట్టేసింది. మిగిలిన పచ్చిపాలు చూశాక పరీక్షించాలని నాకు బుద్ధి పుట్టింది. పొదుగువాపు ఉంటే పాలలో కాటలేజు అనే ఎంజైము పెరుగుతుంది. పెరాక్సైడు తగిలితే నురగ కక్కిస్తుంది. గాజునాళికలో పాలు పోసి పెరాక్సైడు కలిపాను. నురగ అంచు దాటి నా వేళ్ల మీదికి వచ్చింది.

కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, కాచితే క్రిములు చస్తాయి. రెండు, కొన్ని క్రిములు వదిలిన విషం కాగినా పోదు. మూడు, పిల్ల తాగి గంటైంది. నాలుగో అంకె వేసి ఆగిపోయాను. లోపల పిల్ల కక్కుకుంది. "ఎక్కువ పట్టేసేనేమోరా" అంది అమ్మ మామూలుగా. ఉయ్యాల పక్కన కూర్చుని దాని ఊపిరి లెక్కపెట్టాను.

మధ్యాహ్నం మామ్మ వచ్చింది. గుమ్మం బయటికి తీసుకెళ్లి చెప్పాను.

"కుడిసన్ను కూడా పిండేసేరా బాబుగారూ?"

"ఆయ్."

"మూడ్రోజులై ఆ పక్క పొదుగు కాలిపోతందండి. పాపకి ఎడమపక్కే ఇత్తన్నాను. గొర్రెపిల్ల కుడవకుండా కుడిదానికి పేడ రాసేను. చూళ్లేదాండీ?"

చూశాను. శుభ్రత కోసం సబ్బుతో కడిగి మరీ పిండాను.

"అది కాలు విదిలించే ఉంటాదండి. ఎందుకే అని దాన్నే అడగాల్సింది," అంది. తర్వాత మెల్లగా, "పొద్దుగూకేదాకా చూద్దారండి. అమ్మగారితో చెప్పకండి," అని ఉయ్యాలకి అటుపక్క కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకి పిల్ల ఆకలితో ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను వినలేదు. మామ్మ ఎడమచన్ను పాలు తెచ్చి, ముందు నా నాళికలో పోసింది. పెరాక్సైడు కలిపితే నాలుగు బుడగలు వచ్చాయి, అంతే.

మోకాలి మీది నురగ అరనిమిషంలో అణిగిపోయింది. ఆ పూట మాత్రం ఆరేళ్లయినా నాలో ఇంకా పొంగుతూనే ఉంది.