నాలుగు రోజుల మూట

గోదావరి మీద రైలు వంతెన ఇంకా కడుతున్న రోజుల్లో, రంగూన్ నుంచి స్టీమరు వచ్చినప్పుడల్లా కాకినాడ రేవులో లోవమ్మ చేపల తట్ట దించి మెట్ల పక్కన నిలబడేది. మోకాళ్ల దాకా ఎగదోపిన చీర, ఉప్పుకి పగిలిన పాదాలు, చంకలో పాతగుడ్డ మూట. అందులో నాలుగు ముడులు, ముడికో రోజు అటుకులు. ఎవరైనా ఎక్కించుకుంటే అప్పటికప్పుడు వెళ్లిపోవడానికి. పడవ దిగే ప్రతి మనిషినీ అడిగేది: “రంగూన్ ఎన్నాళ్ల దూరం బాబూ? మా సత్తియ్య కనబడ్డాడా, ఎడం చెవి తెగి ఉంటుంది?” నాలుగు రోజులనే అందరూ చెప్పేవారు. సత్తియ్య మాత్రం ఎవరికీ తెలియదు. బియ్యం మిల్లులో పనికని ఓడెక్కిన మొగుడు నెలలో కబురంపుతానన్నాడు. మూడేళ్లయింది. పురుగుపట్టిన అటుకులు పారబోసి కొత్తవి కట్టుకుంటూనే ఉంది.

ఒకరోజు దిగిన ద్రాక్షారామం మనిషి ఒకడు, తెగిన చెవి మాట వినగానే నెత్తిమీది పెట్టె దించేశాడు. “నేనూ ఆ ఓడలోనే వెళ్లానమ్మా. రెండోరోజు పొద్దున్న అతనికి వాంతులు పట్టుకున్నాయి. పొద్దుగూకేలోపే పోయాడు. గోనెలో చుట్టి సముద్రంలోకి దింపేశారు.”

లోవమ్మ ఏడవలేదు. అక్కడే కూర్చుని, రెండు ముడులు విప్పి, ఆ అటుకులు అతని దోసిట్లో పోసింది. మిగిలిన రెండు ముడులూ చంకన పెట్టుకుని లేచింది.

“రెండోరోజున ఓడ ఆపుతారా బాబూ?”