వేడి టైరు మీద చెయ్యి

మా ఇద్దరికీ ఒక నియమం ఉండేది. ప్రాక్టీసులో ముందుగా ట్రాక్ తిరిగి వచ్చినవాడు బండి దిగగానే వెనక టైరు రెండోవాడికి వదిలెయ్యాలి. రెండోవాడు అరచెయ్యి ఆనించి, గోరుతో నొక్కి, రబ్బరు చిట్లిందో లేదో చూసుకోవాలి. రేసుకు ఏ టైరు ఎక్కించాలో తేల్చుకునేది ఆ తర్వాతే. ఈ నియమం పెట్టింది మా బావే, అక్క భర్త. గౌడవెల్లి రోడ్డు మీద నాకు బండి నేర్పిందీ అతనే. అతని మాటంటే నాకు వేదం. ఎంత పిచ్చివాణ్ణి!

రేసు టైర్లకు గాట్లుండవు, నున్నగా ఉంటాయి. సాఫ్ట్ అనే మెత్తరకం తొందరగా పట్టు అందుకుంటుంది గానీ, ఎండకు తారు కాలిపోతుంటే కాసేపటికే పెచ్చులు లేచి జారుతుంది. మీడియం మొదట మొండికేస్తుంది, తర్వాత చివరిదాకా నిలబడుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. పక్కనున్న చిన్న గుర్తు వంగి చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు.

మేడ్చల్‌లో మాకు తెలిసిన గ్యారేజీ సేటు ఒకాయన కొత్తగా రేసు బండి తయారు చేయించాడు. ఆదివారం షామీర్‌పేట అవతలి ట్రాక్ మీద మా ఇద్దరిలో ఎవరు ముందొస్తే సీజనంతా బండి వాళ్లదే అన్నాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు చేసుకుంటూ, ఎవరో వాడి వదిలేసిన టైర్లతో తిరిగే నాకు అలాంటి బండి మళ్లీ దొరకదు. బావకూ అంతే. అయినా ముందురోజు గండిమైసమ్మకు పోయి ఇద్దరి పేరునా ఒకే కొబ్బరికాయ కొట్టి వచ్చాం. చక్రాల కింద తొక్కించమని అక్క నిమ్మకాయలిచ్చింది. రసం అంటితే టైరు జారుతుందని చెరొకటి జేబులో వేసుకుని, తొక్కించామని చెప్పాం. అబద్ధం ఆడినా ఇద్దరం కలిసే ఆడేవాళ్లం.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ప్రాక్టీసుకు మొదట బావే దిగాడు, సాఫ్ట్ టైర్ల మీద. తిరిగొచ్చాక నేను దగ్గరికి పోయేలోపే, టైర్లు చల్లారకుండా చుట్టే కరెంటు దుప్పటి వెనక చక్రానికి కప్పేశాడు. ఎట్లుందని అడిగాను.

"సాఫ్టే ఎక్కియ్యి బామ్మర్ది. పట్టు మస్తుంది," అన్నాడు.

దుప్పటి తియ్యమని సొంత బావను ఎవడడుగుతాడు? కళ్లు మూసుకుని సాఫ్ట్ బిగించుకున్నాను.

సగం రేసు దాకా నేనే ముందున్నాను. పొడుగు మలుపులో వెనక చక్రం కదిలింది, ఎలాగో ఆపుకున్నాను. మరుసటి చుట్టులో అదే మలుపు దగ్గర పూర్తిగా జారింది. మోచెయ్యి చెక్కుకుపోయి మట్టిలో పడి ఉంటే, బావ నా పక్కనుంచే దూసుకుపోయాడు.

రేసయ్యాక అందరూ అతని వీపు చరుస్తుంటే నేను వంగి అతని బండి టైరు చూశాను. మీడియం. వ్యాన్ వెనక్కి పోతే ప్రాక్టీసులో వాడిన సాఫ్ట్ కనిపించింది. చెయ్యి పెట్టాను. అంచంతా పెచ్చులు లేచి ఉంది. నేను నా బండి దగ్గరుండగా ఇక్కడ మార్చేసుకున్నాడు.

ఎందుకు చెప్పలేదని అడిగితే నేల చూపులు చూశాడు. "గా బండి ఒక్కటే గదరా. నువ్వైతే ఏం జేస్తుంటివి?"

"చెయ్యి పెట్టనిస్తుంటి బావా," అన్నాను.

అక్కకు ఇప్పటికీ చెప్పలేదు. పండక్కి ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి వడ్డిస్తుంది.

మొన్న బావ ఫోన్ చేసి, రేసుంది, ఒక్కసారి రమ్మన్నాడు. అక్క మొహం చూసి పోయాను. ఆ రోజు మబ్బు పట్టి చల్లగా ఉంది. ప్రాక్టీసు నుంచి వచ్చి, చెయ్యి పెట్టి చూడమని తనే టైరు ముందు నిలబెట్టాడు. గోరుతో నొక్కి చూశాను. ఒక్క పెచ్చు లేదు. పగ తీర్చుకుందామని కూడా అనిపించలేదు, ఉన్నదున్నట్టే చెప్పాను.

"సాఫ్టే ఉంచు బావా. మంచిగుంది."

నా మొహంలోకి చూశాడు. మెకానిక్‌ను పిలిచి మీడియం ఎక్కించుకున్నాడు. నేనూ తనలాంటివాణ్ణే అనుకున్నాడు.