తెర పక్కన నిలబడి నేను అందించిన మాట

నా మీద ఒక మెచ్చుకోలు ఉంది. ఇరవై ఏళ్లు దాటింది, దాన్ని మోస్తూనే ఉన్నాను. కాలేజీ రోజుల వాళ్లు ఎవరు కలిసినా పక్కనున్న వాళ్లకు నన్ను ఇలాగే పరిచయం చేస్తారు: "ఆగిపోయే నాటకాన్ని నిలబెట్టింది ఈమెనే." నేను నవ్వుతాను. వద్దు వద్దన్నట్టు చేయి ఊపుతాను. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు. వినయం కాదు. ఆ నాటకం ఆగిపోయేలా చేసింది నేనే.

ఇంత సూటిగా రాశాక కూడా చేయి ఆగుతోంది. మొదటి నుంచి చెప్తే తప్ప మీకు అర్థం కాదు. లేక మొదటి నుంచి చెప్తే నా తప్పు కొంచెం చిన్నగా కనబడుతుందని నా ఆశా? ఒప్పుకోవడానికి కూర్చున్నాక కూడా మనసు దాక్కోవడానికి చోటు వెతుక్కుంటోంది. వెతుక్కోనివ్వండి. నేను చెప్పుకుంటూ పోతాను.

మాది వేల్పూర్. పసుపు, మక్కజొన్న వేసే ఇల్లు. డిగ్రీకి రోజూ బస్సులో ఆర్మూర్ వచ్చేదాన్ని. నాటకాలంటే పిచ్చి నాకు. కళ్లంలో పసుపు ఆరబోసి కాపలాకు నన్ను కూర్చోబెడితే, అటూ ఇటూ చూసి, గొంతు మార్చి మార్చి మాట్లాడుకునేదాన్ని. ఒకసారి మా అమ్మ విని, నేనెవరితోనో కొట్లాడుతున్నాననుకొని పరుగెత్తుకొచ్చింది. మా కాలేజీలో తెలుగు సారు ఏటా ఒక నాటకం వేయించేవారు. ఆ నాటకం కోసమే నేను ఆ కాలేజీలో చేరానంటే మీరు నవ్వుతారేమో.

సువార్త మా క్లాసే. పెర్కిట్ నుంచి వచ్చేది. వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు, అమ్మ సీజన్‌లో పసుపు కూలికి పోయేది. చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేస్తూ పెరిగిన పిల్ల. మొదటి రోజు రిహార్సల్లో సారు మా ఇద్దరికీ ఒకే ముక్క ఇచ్చి చదవమన్నారు. నేను ముందు చదివాను. ఎక్కడా తడబడలేదు. అందరూ బాగుందన్నారు. తర్వాత సువార్త చదివింది. ఆమె చదివాక ఎవరూ ఏమీ అనలేదు. కాసేపు కుర్చీలు కూడా కదల్లేదు. ఆ నిశ్శబ్దం ఏమిటో నాకు వెంటనే తెలిసింది. దాని కోసమే కదా నేను కళ్లంలో గొంతు చించుకున్నది.

అసూయ ఆ రోజే పుట్టిందా? కాదు. ఆ రోజు నిజంగానే ఆమె చేయి పట్టుకొని "మస్తు చేసినవే" అన్నాను. మనసారా అన్నాను. అది తర్వాత వచ్చింది, నెమ్మదిగా, నాకే తెలియకుండా. సారు ఆ వేషం సువార్తకిచ్చి, నన్ను పిలిచి, "నీకు నాటకం మొత్తం నోటికొస్తది. నువ్వు తెర పక్కన నిలబడి మాటలు అందియ్యి బిడ్డా" అన్నారే, బహుశా అప్పుడు.

నాటకం గల్ఫ్ వెళ్లిన ఒక మనిషి భార్య గురించి. దుబాయ్ నుంచి భర్త శవం పెట్టెలో ఇంటికి వస్తుంది. మూత తెరిచే ముందు ఆమె ఆ పెట్టె పక్కన కూర్చొని అతనితో మాట్లాడుతుంది. నాటకమంతా ఆ మాటలే. అందులో రెండు చోట్ల మాట ఒకే రకంగా మొదలవుతుంది. మధ్యలో ఒకసారి: "నువ్వు పోయే దినం వాన కొట్టింది, పసుపు కళ్లంలనే ఉన్నది." చివర్లో ఇంకోసారి: "నువ్వు పోయే దినం నా మొఖం సూడలె, ఇప్పుడన్న సూడు. తెరువున్రి పెట్టె." ఆ చివరి మాట వినగానే ఊరివాళ్లు, మోసేవాళ్లు, అందరూ స్టేజీ మీదికి రావాలి. మూత తెరుస్తారు. నాటకం అయిపోతుంది.

సువార్తకు భయం ఉన్నది అక్కడే. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. కాలేజీ మెట్ల మీద జామకాయ కొరుకుతూ అన్నది: "రెండు తాన్ల గదే మాటనే. యాడికెల్లి యాడికి పోతనో అని భయమైతది. నువ్వు మాత్రం నా మీదికెల్లి కన్ను తియ్యకు. నీ గొంతు ఇనబడ్తె సాలు, నాకు ఫికర్ లేదు."

కన్ను తీయను అన్నాను. తీయలేదు కూడా.

నాటకం ఆర్మూర్‌లోనే ఒక ఫంక్షన్ హాల్లో వేశాం. హాలు నిండిపోయింది. హైదరాబాద్ నుంచి సారు స్నేహితుడొకాయన వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. బాగా చేసినవాళ్లకు యూనివర్సిటీలో నాటకం చదువుకోవడానికి దారి చూపిస్తారని మాకు ముందే తెలుసు. సువార్తకు ముఖానికి రంగు వేసింది నేనే. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొంగు సర్దాను. "ఎట్లున్న?" అని అడిగింది. చాలా బాగుంది. నడి వయసు మనిషిలాగే ఉంది. నేను "మంచిగనే ఉన్నవ్" అన్నాను.

నాటకం మొదలైంది. ఆమె ఆ పెట్టె మీద చేయి వేసి మాట్లాడుతుంటే ముందు వరసల్లో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎంతోమంది ఇళ్ల నుంచి మనుషులు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లు కదా మావి. నేను తెర పక్కన నిలబడి చూస్తున్నాను. హైదరాబాద్ ఆయన కుర్చీలో ముందుకు వంగారు. అది చూశాను. ఆ మాటలన్నీ నాకూ వచ్చు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చు, అయినా నేను ఇక్కడ చీకట్లో నిలబడ్డాను, ఆమె అక్కడ వెలుగులో ఉంది, ఇంక ఎప్పటికీ ఇంతేనా అనిపించింది.

అప్పుడామె, మధ్యలో వచ్చే ఆ మొదటి చోట, ఆగింది. "నువ్వు పోయే దినం..." అని ఆగింది. బహుశా ఏడుపు గొంతుకు అడ్డం పడిందేమో, బహుశా నటనలోనే ఆగిందేమో, నాకు ఇప్పటికీ తెలియదు. కళ్లు మాత్రం నా వైపు తిరిగాయి.

చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న కథ ఏమిటంటే, ఆ క్షణంలో నేనూ తికమకపడ్డాను అని. రెండు చోట్లా ఒకే మాట, ఎవరైనా పొరపడతారు అని. ఆ కథను నేను నమ్మడానికి ఎంత కష్టపడ్డానో! అది అబద్ధం. మొత్తం నోటికి వచ్చినదాన్ని నేను. "వాన కొట్టింది" నా నాలుక మీద ఉంది. దాన్ని మింగి, స్పష్టంగా, ఆమెకు వినబడేంత గొంతుతో చెప్పాను: "నా మొఖం సూడలె."

ఆమె నన్ను నమ్మింది. నేనిచ్చిన మాట పట్టుకొని నేరుగా చివరికి వెళ్లిపోయింది. "తెరువున్రి పెట్టె" అన్నది. ఎవరూ రాలేదు. వాళ్లకింకా చాలా సమయం ఉంది కదా. మళ్లీ అన్నది. మోసేవాళ్లలో ఒకడు తలకు రుమాలు సగం చుట్టుకొని పరుగెత్తుకొచ్చి, మిగిలినవాళ్లు లేకపోవడం చూసి వెనక్కి పారిపోయాడు. హాల్లో నవ్వు మొదలైంది. ఆమెకు తప్పు తెలిసింది. వెనక్కి వెళ్లి "నువ్వు పోయే దినం వాన కొట్టింది" అని అందుకోబోయింది. వెనక నుంచి ఎవడో అరిచాడు: "మళ్ల పోయిండా దుబాయ్?" హాలంతా గొల్లుమంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లు కూడా నవ్వారు.

సువార్త నిలబడిపోయింది. చేయి పెట్టె మీదే ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

తర్వాత చేసిందే నన్ను ఈ ఊరు మెచ్చుకునేలా చేసింది. పక్కనున్న తువ్వాలు భుజాన వేసుకొని నేను స్టేజీ మీదికి నడిచాను. చనిపోయినవాడి చెల్లెలినన్నట్టు ఆమె భుజం పట్టుకొని, "వదినె, నువ్వు లోపల్కి పో. నీకు చాతనైతలేదు. అన్నతోని నేను మాట్లాడ్త" అన్నాను. మెల్లగా లేపి తెర వెనక్కి పంపాను. ఆ పెట్టె పక్కన కూర్చొని మిగిలిన మాటలన్నీ నేను చెప్పాను. వాన గురించి చెప్పాను. తడుస్తున్న పసుపు గురించి చెప్పాను. నవ్వు ఆగింది. చివరికి మూత తెరిచారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఆ రోజు నేను బాగా చేశాను. అది కూడా ఒప్పుకోవాలి. ఎప్పుడూ రానిది ఆ రోజు వచ్చింది. ఆమెను పడగొట్టాకే వచ్చింది.

హాలు వెనక నల్లా దగ్గర సువార్త ముఖం కడుక్కుంటోంది. పసుపు నీళ్లు కాళ్ల మీదుగా కారుతున్నాయి. నన్ను చూసి, "నువ్వు లేకుంటె ఇజ్జత్ పోతుండె" అన్నది. భుజం మీది తువ్వాలు అందించాను. తుడుచుకుంటూ తల ఎత్తి అడిగింది.

"నువ్వు 'వాన కొట్టింది' అనే అన్నవ్ గదా? నాకే వేరే ఇనబడ్డదా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. తిట్టేది, కొట్టేది, మాటలు మానేసేది. అంతే కదా?

"ఔ," అన్నాను. "నేను సరిగనే చెప్పిన."

ఆమె తల ఊపింది. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తెర పక్కన చెప్పింది ఆవేశం అనుకున్నా, ఇది ఆవేశం కాదు. నల్లా దగ్గర నేను నింపాదిగా ఉన్నాను. ఒక మనిషి తన చెవులను తాను నమ్మకుండా చేశాను.

సువార్త మళ్లీ స్టేజీ ఎక్కలేదు. చర్చిలో వాక్యం చదవడం కూడా మానేసింది. చివరి ఏడాది పరీక్షలో పేపర్ సగం రాసి లేచి వచ్చేసింది. రాసిందంతా తప్పేమో అనిపించిందట. నేను హైదరాబాద్ వెళ్లాను. ఆ ముందు వరస ఆయన చూపించిన దారిలోనే. నాటకం చదివాను, కొన్నాళ్లు చిన్న చిన్న పాత్రలు వేశాను. తెర పక్క నుంచి ఎవరైనా మాట అందిస్తే నేను దాన్ని అందుకోలేకపోయేదాన్ని. అది నిజమో కాదో ఎలా నమ్మాలి? వేషాలు మానేసి, ఒక స్కూల్లో పిల్లలకు నాటకం నేర్పే పనిలో కుదురుకున్నాను. దాన్ని శిక్ష అనుకోకండి. నా బతుకు బాగానే గడిచింది.

ఈ ఏడు పసుపు సీజన్‌లో ఇంటికి వెళ్లినప్పుడు కాలేజీ వాళ్లు రమ్మన్నారు, పిల్లల నాటకం రిహార్సల్ చూడమని. అక్కడ డిగ్రీ మొదటి ఏడాది పిల్ల ఒకతె నా దగ్గరికి వచ్చింది. "మేడం, నేను సువార్త బిడ్డను. నాకు నాటకంల వేషం ఇచ్చిన్రు. అమ్మ వొద్దంటున్నది. మన ఇంట్ల ఎవ్వరికి యాది నిలవది, నవ్వులపాలైతవ్ అంటది. మీరు అమ్మ దోస్తట గదా, జర చెప్పున్రి."

వాళ్లమ్మ ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోందో ఆ పిల్లను అడిగి తెలుసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సువార్త బజారులో ఒక చీరల దుకాణంలో పనిచేస్తోంది. దుకాణం అప్పుడే తెరిచారు. నన్ను చూసి సంబరపడింది. కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. నిలబడే, అన్నీ చెప్పేశాను. తెర పక్కన అన్న మాట, నల్లా దగ్గర అన్న మాట.

చేతిలో ఉన్న చీర మడత ఆమె వదల్లేదు.

"నేను అడిగిన గదనే నిన్ను," అన్నది.

"అడిగినవ్."

"గప్పటి సంది నా మతిలనే ఏదో లోపమున్నదనుకున్న. మా అయ్య సచ్చిపోయేటప్పుడు ఏదో అన్నడు. నేను సరిగ్గ ఇన్ననో లేదో అని ఇప్పటికి గుబులే నాకు." గొంతు పెంచలేదు. "ఇంకెవరికి చెప్పినవ్?"

"ఎవరికి చెప్పలె. నీకే."

"నవ్వింది హాలంత. నాకొక్కదానికి చెప్తె ఏమైతది?"

క్షమించమని అడిగాను. వినబడనట్టు చీర అల్మారాలో పెట్టింది. పిల్లను నాటకంలో వేయనివ్వమని అనబోయాను. చేయి అడ్డం పెట్టింది. "గది నా బిడ్డ సంగతి. నువ్వు మాట్లాడకు." ఇంతలో ఎవరో వచ్చారు. "రాండ్రి, ఏం సూపియ్యాలె?" అని వాళ్ల వైపు తిరిగింది. నేను బయటికి వచ్చేశాను.

ఆ పిల్ల నాటకం వేసిందని తర్వాత విన్నాను. సువార్త చూడటానికి వెళ్లిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నవ్వింది హాలంతా అన్నది సువార్త, అందుకే అందరికీ చెప్పాలని ఇది రాస్తున్నాను. మనసు తేలిక కావాలని కూడా రాస్తున్నాను, అదీ దాచను. ఆ రోజు ఆ హాల్లో ఉన్నవాళ్లు ఇది చదివితే నేనెవరో పోల్చుకుంటారు. పోల్చుకోండి. కింద పేరు రాయాలని చాలాసేపు ప్రయత్నించాను. రాయలేకపోయాను. ఇంత దూరం వచ్చి కూడా అంత పిరికిదాన్ని.

కానీ ఈ ఒక్క మాట మాత్రం, పోల్చుకున్నవాళ్లూ, పోల్చుకోలేనివాళ్లూ అందరూ వినండి. సువార్త మాట మరిచిపోలేదు. ఆమెకు సరిగ్గానే వినబడింది. తప్పు మాట అందించింది నేను, కావాలనే. ఇన్నాళ్లూ ఈ మాటలు నా లోపల తప్ప ఎక్కడా లేవు. ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయి.