తన రక్తం రిపోర్టు చదివి వినిపించిన మాణిక్యప్ప సార్

మాణిక్యప్ప సార్ పరమపదించారన్న దుర్వార్త మొన్న నారాయణఖేడ్ బస్టాండులో పిడుగులా నా చెవిన పడింది. ఆ వార్త చెప్పినవాడే, "ఫిట్సే తిన్నయట" అని కూడా అన్నాడు. ఆ అసత్యాన్ని ఖండించిన తరువాతే దుఃఖిస్తాను. సార్ గుండెపోటుతో పోయారు. దశాబ్దాల పాటు మూర్ఛను భరించారు, దాని చేతిలో మాత్రం ఓడలేదు.

ఆయన ఒక సర్కారు దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగి. ఎనభైల చివర, హైదరాబాదులోని ఒక డాక్టరుకు ఒక సందేహం కలిగింది: ఏళ్ల తరబడి ఫిట్స్ గోలీలు మింగేవారి నెత్తురులో జింకు, రాగి వంటివి ఏ మేరకు ఉంటాయి? మా ప్రాంతపు రోగుల రక్తం సేకరించే భారం సార్ స్వచ్ఛందంగా తలకెత్తుకున్నారు. నేను అప్పటికి పద్నాలుగేళ్ల రోగిని, నాగల్‌గిద్ద పక్క పల్లెలో కంది పండించే రైతు బిడ్డను. ఫిట్స్ వస్తే మా ఇంట్లో నా చేతిలో తాళంచెవులు పెట్టేవారు. అది చూసి సార్, "ఇనుము చేతుల పెడితే ఏమొస్తది? చూసేదుంటే నెత్తుట్ల చూడాలె" అన్నారు.

మొదటిసారి తీసిన రక్తమంతా వ్యర్థమైంది. సార్ మళ్లీ వచ్చారు.

"ఒకపారి తీస్కపోతిరి గద సారూ, గా నెత్తురేమైంది?" అని మా అమ్మ నిలదీసింది.

"ఖరాబైంది అవ్వా. సీసాల రబ్బరు మూతల్ల జింకుంటది, గది కలిసింది. తప్పు నాది."

సర్కారు ఉద్యోగి ఒక రైతు స్త్రీ ముందు తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదే ప్రథమం. ఈసారి మూతలు మార్చి, సీసాలను యాసిడ్‌తో, శుద్ధజలంతో స్వయంగా కడిగారు. ఆయన వేళ్లు పగిలిపోయాయి.

రిపోర్టులు వచ్చాయి. నాలో జింకు తక్కువని తేలింది. గోలీలే నా నెత్తురు పీలుస్తున్నాయని భయపడి మా నాయిన వాటిని ఆపేశాడు. నాలుగోనాడు రొట్టెలు కాలుస్తుంటే ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడ్డాను. ఎడమ మణికట్టు కాలింది.

ఆ సంగతి తెలిసి సార్ మా ఇంటికి వచ్చారు. చుట్టుపక్కలవాళ్లు పోగయ్యారు.

"గోలీలు బంద్ పెట్టుమని రిపోర్టుల యాడున్నది?"

"గోలీలతోనే గద సారూ జింకు తగ్గింది," అన్నాడు మా నాయిన.

"గట్లని ఎవలు జెప్పిండ్రు? గోలీలతోనా, తిండితోనా, ఇంకా తెల్వదు. తెల్సుకునెటందుకే గీ పరీక్ష."

ఆపై జేబులోంచి మరొక కాగితం తీసి, అందరూ వినేలా చదివారు. "గిది ఎవలదో ఎర్కేనా? నాది. ఇరువై ఏండ్ల సంది గోలి మింగుతున్న. నీ బిడ్డకంటె నాకే తక్కువున్నది. అయినా ఇయ్యాల పొద్దుగాల మింగే వచ్చిన."

అప్పటివరకు ఆ రహస్యం ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. మా నాయిన లోపలికి పోయి గోలీ, చెంబుతో నీళ్లు తెచ్చాడు.

ఆ మాటకు సార్ మూల్యం చెల్లించారు. తోటివారు ఆయనతో కూర్చుని చాయ్ తాగడం మానేశారు. రక్తం తీసే పని వదిలి కాగితాలు రాసుకొమ్మని ఒక అధికారి హితవు చెప్పాడు. గోలీలు ఒక్కనాడూ మానని సార్‌కు అప్పటికే ఏళ్లుగా ఫిట్స్ రాలేదు. "నా చేతులు వొణుకంగ చూసినోళ్లుంటె సంతకం పెట్టి ఇయ్యుండ్రి" అన్నారు. ఎవరూ పెట్టలేదు. రిటైరయ్యేదాకా సార్ ఆ రక్తపరీక్షల గది వదలలేదు.

పదో తరగతి తరువాత నాకు రక్తపరీక్షల విద్య నేర్పిందీ ఆయనే. మహా కోపిష్ఠి. నేను గోలీ మరచిన రోజు నాతో మాట్లాడేవారు కాదు. జింకు ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు మా ఇద్దరికీ తుది సమాధానం దొరకలేదు. "తెల్వదు అనెటందుకు గూడ ధైర్యం గావాలె బిడ్డా" అనేవారు.

ఇప్పుడు నేనూ ఒక రక్తపరీక్షల గదిలో పని చేస్తున్నాను. సూదులున్నాయి, సీసాలున్నాయి. బెదిరిన తండ్రి ఎదుట తన బతుకునే విప్పి చదివే ఆ మహనీయుడు లేడు. ఆ లోటు ఎవరితోనూ పూడదు.

ఈ వ్యాసం రాస్తుంటే మా అత్త, "సార్ గురించి రాయి గని, నీ బీమారి సంగతి రాయకు" అంది. సగం దాచి గురువుకు అర్ధాంజలి ఘటించలేను. నా పేరు అనసూయ. నాకు మూర్ఛ ఉంది. ఈ ఉదయం గోలీ మింగి పనికి వచ్చాను.