గోధుమ మానేసిన కొత్తలో

మొన్న సాల్ట్ లేక్‌లో మా అమ్మాయి ఇంటికి, తనతో పనిచేసే పిల్ల ఒకతె వచ్చి, డాక్టరు చెప్పాడని గోధుమ మానేసినప్పట్నుంచీ తల పగిలిపోతోందనీ, అయినదానికీ కానిదానికీ ఏడుపొస్తోందనీ వాపోతుంటే, నాకు ఇక్కడే బెంగాల్లో, షాలిమార్ రైల్వే క్వార్టర్సులో గడిపిన ఒక వేసవి గుర్తుకొచ్చింది.

అప్పుడు నేను గూడ్సు ఆఫీసులో గుమాస్తాను. అమ్మాయి పుట్టాక ఏం తిన్నా కడుపుబ్బరం, విరేచనాలు. చీపురుపుల్లలా చిక్కిపోయి, మేడ మెట్లెక్కడానికి కూడా గోడ పట్టుకునేదాన్ని. రక్తం లేదని టానిక్కులు తాగించారు, మా చర్చి సంఘంలో పెద్దలు ప్రార్థనలు చేశారు, బిడ్డని పెంచడానికి ఉంటానా అని నాలో నేనే భయపడ్డాను. చివరికి ఒక బెంగాలీ డాక్టరుగారు పేగులోంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించి, నాకు గోధుమ పడదనీ, ఇక జన్మలో ముట్టొద్దనీ తేల్చారు. అన్నం తినేవాళ్ళం, ఇదేం కష్టం అనుకున్నాను గానీ, పొద్దున్న ఉప్మా, ఆఫీసులో టీలోకి బిస్కట్టు, సాయంత్రం మైదా పూరీల్లాంటి లూచీ, రాత్రి చపాతీ, ఆలోచిస్తే నా రోజంతా గోధుమ మీదే నడుస్తోంది.

మానేశాక బాగుపడతానని ఎదురుచూస్తే, తలనొప్పి పట్టుకుంది, ఒళ్ళంతా నీరసం, మా ఆయన గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి కూడా కోపం. ఆఫీసు గేటు పక్క బేకరీలోంచి పావురొట్టె వాసన వస్తే కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. బాధ బాధే గానీ, నిన్నటిదాకా నన్ను కుళ్ళబొడిచిన తిండినే ఈ ఒళ్ళు ఇంతగా ఎందుకు అడుగుతోందా అని వింతగా కూడా ఉండేది. పక్క సీటు బెంగాలీ దాదా నా వాలకం చూసి, ఖాళీ కడుపుతో ఉండొద్దు దీదీ అంటూ, మా వైపు మురీలనే మరమరాల్లో కొబ్బరి ముక్కలు కలిపి నా ముందుకి జరిపేవాడు. డాక్టరుగారూ అదే అన్నారు: గోధుమ తీసేశావు సరే, దాని బదులు ఏం తింటున్నావమ్మా అని. కడుపు నిండా అన్నం, గుడ్డు, అరటిపండు తినడం మొదలెట్టాక తలనొప్పి సర్దుకుంది.

కడుపుబ్బరం మాత్రం పోలేదు. అది తగ్గడానికే మా అత్తయ్య రోజూ ఇంగువ దట్టించి చారు కాచి, దగ్గర కూర్చుని తాగించేది. ఆవిడ ఖరగ్‌పూర్‌లో కూతుర్ని చూడ్డానికి వెళ్ళిన రోజుల్లో నా కడుపు కిక్కురుమనలేదు. తిరిగొచ్చి చారు కాచిన సాయంత్రమే మళ్ళీ మొదలు. ఏమిటీ చోద్యమని వంటింట్లో ఒక్కో డబ్బా దింపి చూస్తూ, ఇంగువ డబ్బా మీది సన్నని అక్షరాలు మా ఆయన చేత చదివించాను. అందులో గోధుమపిండి కలుపుతారట.

అత్తయ్యకి ఎలా చెప్పాలో తెలియక నేను నసుగుతుంటే, మా ఆయనే చెప్పేశారు. ఆవిడ డబ్బా చేతిలోకి తీసుకుని, "నా చేత్తో నేనే పెట్టీసేనేటే అమ్మా!" అంది.

"మనకేం తెలుసు అత్తయ్యా, మందనుకునే కదా" అన్నాను.

ఆ పూటే డబ్బా పక్కింటికి వెళ్ళిపోయింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో చారుకి వెల్లుల్లి పోపే. ఇంగువంటే ప్రాణం పెట్టే మనిషి, తనకోసమైనా విడిగా పోపు పెట్టుకోలేదు. ఆ శీతాకాలానికి నేను అమ్మాయిని ఎత్తుకుని మేడ మెట్లెక్కగలిగాను.

ఇప్పుడు గోధుమ కలపని ఇంగువ కూడా దొరుకుతోంది. కావాలంటే గడపలోకే తెచ్చిస్తారు. కానీ మా పిల్లలకి చారంటే వెల్లుల్లి చారే, మరొకటి ఉండేదని కూడా తెలియదు. ఒక ముసలావిడ తన నోటి రుచిని ఎవరికీ చెప్పకుండా వదులుకోబట్టే ఈ వెల్లుల్లి రుచి వాళ్ళ దాకా వచ్చిందని వాళ్ళకెలా తెలుస్తుంది?