బాపు చొక్కా మీద కుక్క కాలు

మా ఇంట్లో దసరా పూజకు బాపు గని టోపీతో పాటు ఒక చొక్కా కూడా పీట ఎక్కేది. అది తెల్ల చొక్కా అని బాపు అనేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది పసుపు రంగే. ఎడమ జేబు కింద ఒక మట్టి మరక ఉండేది. ఆ మరకకు బొట్టు పెట్టి మరీ దండం పెట్టేవాడు.

అది సినిమా కుక్క కాలు పడిన చోటు. బాపుకు పెళ్లి కాకముందు, ఆ కుక్క నటించిన హిందీ సినిమా మా చంద్రపూర్‌లో ఆడుతున్నప్పుడు, దాన్ని జీపులో టాకీసు దగ్గరికి తెచ్చారట. పోస్టర్ మీద హీరోయిన్ కన్నా దానిదే పెద్ద బొమ్మ. గుంపులో అంతమంది ఉండగా అది జీపు మీంచి ఎగిరి సరిగ్గా మా బాపు ఛాతీ మీదే కాలు పెట్టింది. ఆ తర్వాత ఆ చొక్కాను ఎవరినీ ఉతకనివ్వలేదు. బాబుపేట్‌లో మా గల్లీకి కొత్తగా ఎవరొచ్చినా చాయ్ కన్నా ముందు ఈ కథ వచ్చేది.

"ఊర కుక్క తొక్కినా గంతే మరక పడ్తది," అనేది అమ్మ.

"ఊర కుక్క పోస్టర్ మీద ఉంటదానే?" అనేవాడు బాపు. అలా అంటున్నప్పుడు ఆయన మెడ కొంచెం పైకి సాగేది. ఆయన గనిలో టబ్బుల్లో బొగ్గు నింపే లోడర్. షిఫ్టంతా వంగి చేసే పని. ఇంత నిటారుగా నిలబడేది ఈ ఒక్క కథ చెప్పేటప్పుడే. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

నేను పదో తరగతిలో ఉండగా మా గల్లీకి కేబుల్ వచ్చింది. దసరాకు రెండు వారాల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వేశారు. బాపు స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. పక్కింటి కాకను కూడా పిలిచాడు. కుక్క గోడలు దూకింది, దొంగల్ని తరిమింది, హీరో జైలుకు పోతే ఏడ్చింది. హీరో కన్నా అదే బాగా ఏడ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఏదైనా కంటబడితే నోరు మూసుకోలేకపోవడం నాకున్న జబ్బు. "బాపూ, ఏడ్చేటప్పుడు దాని చెవి మీద తెల్ల మచ్చ ఉన్నది. గోడ దుంకేటప్పుడు లేదు. ఇవి రెండు కుక్కలు!"

కాక కళ్లు చికిలించి చూశాడు. "బిడ్డ నిజమే చెప్పింది. మచ్చది అసలుది. దుంకేది డూపు."

పోస్టర్ మీద ఉన్నది కూడా మచ్చ కుక్కేనట, కాకకు గుర్తుంది. "మరి నీ మీద దుంకింది ఏది బాపూ?" అని నవ్వుతూ అడిగాను. బాపు సినిమా అయిపోకముందే లేచి, మంచినీళ్లు తాగి బయటికి వెళ్లిపోయాడు.

మరుసటి వారం గనికి కొత్తగా బదిలీ మీద వచ్చినాయన మా ఇంటికొస్తే, బాపు ఆయనతో వర్షాల గురించి మాట్లాడాడు. వర్షాల గురించి! వింటున్న నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఏదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు సంబరపడిన నా కళ్ల మీద నాకే కోపం వచ్చింది.

దసరా నాడు పీట మీద గని టోపీ ఒక్కటే పెట్టాడు. మా దగ్గర జమ్మికి బదులు ఆప్టా ఆకులే బంగారమని పంచుకుంటాం. సాయంత్రం ఆ ఆకులు పట్టుకుని కాక, ఆయన వెంట ఊరి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన వచ్చారు. అమ్మ గబగబా లోపలికి వెళ్లి, ఇనప్పెట్టె తెరిచి ఆ చొక్కా పట్టుకొచ్చింది. ఆమె నోట ఆ కథ వినడం అదే మొదటిసారి.

"మా ఆయన టాకీసుకాడికి పోయిండంట. కుక్క జీపుల పండుకొని ఉండెనంట. ఈయననే దాని కాలు వట్టుకొని అంగికి రాసుకున్నడంట."

"ఏందే?" బాపు లేచి నిలబడ్డాడు. "నేనెందుకు రాసుకుంట? పండుకోలే, ఎగిరి దుంకింది! జీపు మీదికెళ్లి ఒక్కటే దుంకుడు!"

"మరి దాని చెవి మీద మచ్చ ఉండెనా?" కాక ఊరుకోలేదు.

బాపు చొక్కా వైపు చూశాడు. "లేకుండె. రెండు చెవులు నల్లగనే ఉండె. మచ్చది జీపుల కూసొని ఫోటోలు దిగింది."

అంటే ఈ సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఇన్నేళ్లూ ఆ ముక్క ఒక్కటి మింగి మిగతా కథంతా చెప్పాడు.

"అయితే నిన్ను తొక్కింది అసలుది కాదన్నట్టు," అన్నాడు కాక.

"గోడలు దుంకిందెవరు? దొంగల వట్టిందెవరు?" బాపు మెడ మళ్లీ పైకి సాగింది. "పని చేసింది గదే. గదే అసలుది."

అమ్మ ఇక తన పని అయిపోయినట్టు చాయ్ పెట్టడానికి వెళ్లింది. నేను బాపు చేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కాను. ఆయన ఆ ఆకును చొక్కా జేబులో పెట్టి, మరకకు బొట్టు పెట్టాడు.

"దీని బొమ్మ పోస్టర్ మీద ఎయ్యలే బిడ్డా," అన్నాడు.