మూడో బకెట్టు

మలేషియాలోని సుంగై సిపుట్ ఊళ్లో మోటార్‌సైకిళ్లు బాగుచేసే సింహాద్రి ఆదివారమొస్తే బీరు కాచే పనిలో పడతాడు. తాత రబ్బరు తోటలో పడ్డ కష్టాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు; తన చేత్తో కాచింది తాగాలని కోరిక, అంతే. స్టీలు పాత్ర కొనడు. మందపాటి ప్లాస్టిక్ బకెట్టుకు పక్కన బెజ్జం వేసి, పాత కెటిల్‌లోని హీటర్ బిగిస్తాడు. నీళ్లు పోసి బెజ్జం చుట్టూ వేలితో తడిమి, ఆ వేలు చెంపకు ఆనించి తడి చూస్తాడు. అలా రెండు బకెట్లు కారిపోయాయి. "ఇదీ కారితే ఇంక సాలు మావా, బీరూ లేదు బకెట్టూ లేదు," అంది భార్య నాగవల్లి.

మూడోదానికి కుక్కర్ రబ్బరు కోసి వాషరుగా వేశాడు. బార్లీ మొలకలు నానబెట్టి వడకట్టిన తియ్యటి నీళ్లు తెర్లాయి, చుక్క కారలేదు. ఇంతలో నురగ అంచుదాకా లేచింది. కంగారుగా స్విచ్ ఆపబోతుంటే నాగవల్లి చెయ్యి పట్టుకుంది.

"ఉండు. కొత్త పొయ్యి మీద పాలు పొంగకుండా దించేస్తామేటి?"

"ఇవి పాలు కాదే."

"ఏదైతే ఏటి లా," అంది, మాట చివర అక్కడి మలయ్ వాళ్లలా 'లా' తగిలించి. "పొంగనీ."

నురగ ఒక పక్కకు ఒలికాకే ఆపనిచ్చింది. వంగి చూసి, "తూర్పుకే పొంగింది మావా. ఈ బకెట్టు ఉంటాది," అంటూ నేల తుడిచే గుడ్డ అతని చేతిలో పెట్టింది.